పుట్టి కింది దీపం

ఆ రోజు నేను చేసింది చిన్న తప్పే అనుకున్నాను. పుట్టి కింద నీళ్లలో వేలాడే ఎల్‌ఈడీ దీపానికి ఫ్యూజు పెట్టలేదు. ఇంట్లో ఉన్నవి అయిపోయాయి, దేవరకొండ పోయి తేవడానికి బద్ధకమేసింది. పెట్టావా అని బావ అడిగితే, "పెట్టకుంట ఇస్తనా?" అన్నాను.

అక్కా బావా కృష్ణా నది డ్యాము వెనక నిలిచిన నీళ్లలో చేపలు పడతారు. గుండ్రటి పుట్టిలో కూర్చుని అక్క తెడ్డు వేస్తుంది, బావ వల వేస్తాడు. నీళ్లలో వెలుగుంటే చేపలు చేరతాయని ఎవరో చెబితే, మోటార్లు బాగుచేసే నన్ను దీపం చేసిమ్మన్నారు. పచ్చడి సీసాలో ఎల్‌ఈడీ పట్టీ చుట్టి, మూతకు గమ్ము దట్టించి, మునగడానికి రాయి కట్టాను. రెండు ముక్కలు అతికి టేపు చుట్టిన వైరు, పుట్టిలో పెట్టే మోటారుసైకిల్ బ్యాటరీకి. ఇంట్లో నీళ్ల డ్రమ్ములో ముంచి చూస్తే బాగా వెలిగింది. డ్రమ్ము తిరగదు, పుట్టి తిరుగుతుంది. అది నాకు తట్టలేదు.

పొద్దుగూకుతుంటే ఒడ్డున నిలబడి చూస్తున్నాను. నీళ్ల కింద పచ్చటి వెలుగు.

"మీ తమ్ముడు నీళ్లల్ల పెండ్లి పందిరేసిండే!" బావ నవ్వు వినబడింది.

"గిన్నేండ్లకు నా తమ్మున్ని మెచ్చినవ్," అంది అక్క.

పుట్టి తిరిగిన కొద్దీ వైరు మెలిపడింది. అతుకు మీది టేపు ఊడి రెండు తీగలు తగులుకున్నాయి. వెలుగు ఆరిపోయింది, పుట్టిలోంచి పొగ లేచింది. పుట్టి అంటే వెదురు బుట్ట, దానికింద ప్లాస్టిక్ షీటు, తారు పూత. ఎర్రగా కాలిన తీగ దాన్ని కరిగిస్తే ఇక మిగిలేది లోతు నీళ్లే.

"బ్యాటరీ కాడ పీకు బావా! పీకు!" అని అరిచాను.

ఒట్టి చేత్తో పీకాడు. ఆ కేక ఇంకా నా చెవుల్లో ఉంది. అప్పటికే తీగ కాల్చిన చిల్లిలో అక్క తువ్వాల ముద్దచేసి కుక్కి, మడమతో అదిమిపట్టి తెడ్డు వేస్తూనే ఉంది. పుట్టి నేరుగా రాదు. ఒక్కో తెడ్డుకు అటు తిరిగి, ఇటు తిరిగి, కొంచెం ముందుకు. నాకు ఈత రాదు. మోకాళ్ల లోతు దాకా దిగి చేతులు చాపి నిలబడ్డాను, అంతే.

ఒడ్డు తగిలేసరికి పుట్టిలో నీళ్లు పిక్కల దాకా వచ్చాయి. బావ అరచెయ్యి బొబ్బలెక్కింది.

"ఫ్యూజు గూడ ఆపలేదా బామ్మర్దీ? గిప్పుడొచ్చే సామాన్లన్నీ గింతే," అన్నాడు.

నేను తలూపాను. అది రెండో అబద్ధం.

దవాఖానలో కట్టు కట్టించుకుని ఆటోలో వస్తుంటే ఇక ఆగలేకపోయాను. "బావా, ఫ్యూజు పెట్టనేలేదు."

ఆయన నా వైపు చూడలేదు. అక్కే అంది: "ఫ్యూజు నీ నోటికి పెట్టాలెరా. పొద్దుగాల్ల రా. వల ఎవలు గుంజుతరు?"

బావ చెయ్యి మానేదాకా, నడుముకు లారీ ట్యూబు కట్టుకుని, చిల్లి పూడ్చిన పుట్టిలో రోజూ కూర్చుని వల గుంజాను. కట్టు విప్పాక అతుకు లేని వైరుతో మళ్లీ దీపం చేశాను. బ్యాటరీ పక్కనే ఫ్యూజు పెట్టాను. బావను ఎదుట కూర్చోబెట్టుకుని కావాలనే తీగలు రెండూ తగిలించాను. ఫ్యూజు టప్పుమంది. ఇంకోటి బిగించి, అప్పుడు ఇచ్చాను ఆయన చేతికి.