ఎవరూ చెయ్యెత్తని కారు

మా ఇంటికి పెద్ద కారు రాబోతోందన్న కబురు నాకు మొదట చెప్పింది మా ఆయన కాదు, పొద్దున్నే దేవుడికి పూలు తెచ్చే పూలక్క. ఆమె అల్లుడు ఖమ్మంలో ఒక కార్ల షోరూంలో వాచ్‌మన్. మల్లెదండ మూర కొలిచి నా చేతిలో పెడుతూ, “మిఠాయి ఎప్పుడు పెడ్తున్నవక్కా?” అంది.

“ఎందుకే మిఠాయి?”

“ఏం తెల్వనట్టు అడుగుతున్నవ్. నిన్న సారు మా అల్లుడు పనిజేసే షోరూంల రెండు గంటలు కూసున్నడంట. గా పెద్ద పెద్ద కార్లల్ల ఎక్కుడు దిగుడు, ఎక్కుడు దిగుడేనంట. చాయ్ గూడ ఇచ్చిన్రంట.”

“ఆయన ఎరువుల కోసం వెళ్లారు కదా?”

“అవ్, ఎరువులే. ఇప్పుడు ఎరువులు గూడ ఏసీల అమ్ముతున్నరు గావచ్చు.” బుట్ట నెత్తికెత్తుకుని నవ్వుకుంటూ వెళ్లిపోయింది.

మాది చండ్రుగొండ దాటాక అడవి మొదలయ్యే చోట ఉన్న ఊరు. మా మామగారి తండ్రి కోస్తా నుంచి వచ్చి ఇక్కడ భూమి కొన్నారు. కొంత మిరప వేస్తాం, మిగతాది జామాయిల్ తోట. ఆ కర్ర సారపాక కాగితం మిల్లుకు పోతుంది. ఒక కోత అయ్యాక మళ్లీ కోతకు రావాలంటే నాలుగేళ్లు ఆగాలి. అందుకే మా ఇంట్లో పెద్ద ఖర్చులన్నీ కోతల్లో చెప్పుకుంటాం. ఇల్లు రెండు కోతలు. ఆడపడుచు పెళ్లి ఒక కోత. ఆ మధ్యాహ్నం అన్నం పెడుతూ అడిగితే, ఆయన పప్పు కలుపుకుంటూ తలెత్తకుండా చెప్పారు.

“మూడు కోతలవుతుంది.”

అంటే పన్నెండేళ్లు.

“మూడు కోతలు పెట్టి కారా? అందులో ఏముంటుందండీ?”

“నువ్వే చదువుకో,” అని నున్నటి కాగితాల పుస్తకం ఒకటి నా ముందు పెట్టారు.

నేను బడికి వెళ్లలేదు. మా నాన్న సాయంత్రం దేవుడి దగ్గర దీపం పెట్టాక నన్ను పక్కన కూర్చోబెట్టుకుని పలక మీద దిద్దించిన అక్షరాలే నా చదువు. ఆయన చలవ వల్ల ఏ కాగితం దొరికినా మొదటి నుంచి చివరి దాకా చదవందే వదలను. ఆ కార్ల పుస్తకాన్ని వారం రోజులు పారాయణం చేసినట్టు చదివాను. గుద్దుకుంటే ఉబ్బి కాపాడే సంచులు, వీపుకు గాలి తగిలే సీట్లు, పైన ఆకాశం కనిపించే అద్దం. చదివే కొద్దీ, మనుషులు ఎంత ఆలోచించి తయారు చేశారో అని గౌరవం కూడా కలిగింది. కానీ పన్నెండేళ్లు కళ్ల ముందు నుంచి కదల్లేదు.

ఆ వారమంతా మా ఇంట్లో అదే మాట. నేను ఇంత ధర ఎందుకంటాను, ఆయన అమ్మ వెన్ను కోసం అంటారు. అత్తయ్యకు వెన్నుపూస అరిగింది. నెలకోసారి ఖమ్మం దవాఖానాకు వెళ్లి రావాలి. మా పాత జీపులో వెళ్లొచ్చిన రోజు రాత్రి ఆవిడ ఏ పక్కకూ తిరిగి పడుకోలేదు. అయినా, “వెన్ను కోసమైతే ఇందులో సగం ధర కారు చాలదా?” అన్నాను.

ఆయన నెమ్మదిగా అన్నారు. “మొన్న ఖమ్మంలో పెళ్లికి వెళ్లాం చూడు. ఫంక్షన్ హాలు గేటు దగ్గరవాడు మన జీపు చూసి, జనరేటర్ వెనక్కి పెట్టుకొమ్మన్నాడు. మన వెనకాలే వచ్చిన పెద్ద కారుకు మాత్రం ఎదురెళ్లి డోరు తీశాడు. నేను ఆ కారువాడికంటే ఎందులో తక్కువే?”

ఇరవై ఆరేళ్ల కాపురంలో ఆయన నోట అలాంటి మాట నేను వినలేదు. కోపం రాలేదు, జాలేసింది. భర్త మనసులో ముల్లు ఎక్కడ గుచ్చుకుందో నాకు తెలియజేసినందుకు ఆ రోజు దేవుడికి దండం పెట్టుకున్నాను.

ఇక్కడ జీపు సంగతి చెప్పాలి. మామగారు అత్తయ్య పేరు మీద కొన్న బండి అది. దాన్ని పాతికేళ్లుగా నడుపుతున్నది అడవి లోపలి ఊరి మనిషి. మేమందరం అన్న అంటాం. మాకు జీపుతో పని లేని రోజుల్లో ఆయన దాన్ని కిరాయికి తిప్పుకోవచ్చని మామగారు బతికుండగా పెట్టిన ఏర్పాటు. లోపలి ఊళ్లకు బస్సు లేదు. నెలలు నిండిన ఆడవాళ్లు, జ్వరం వచ్చినవాళ్లు, సంతకు పోయేవాళ్లు రోడ్డు మీదికి వచ్చి చెయ్యెత్తుతారు. ఎవరు చెయ్యెత్తినా ఆ జీపు ఆగుతుంది. లోపల మేమున్నా సరే ఆగుతుంది. ఉన్నవాళ్లు కిరాయి ఇస్తారు, లేనివాళ్లు ఇంత చింతపండు సీటు మీద పెట్టి దిగిపోతారు. ముసలివాళ్లు ఎక్కడానికని అన్న ఒక వేపచెక్క పీట చేయించి సీటు కింద పెట్టుకున్నాడు.

షోరూంవాళ్లు పాత బండి తీసుకుంటే కొత్తదాంట్లో కొంత తగ్గిస్తామన్నారు. తీసుకున్నాక జీపు తుక్కుకే పోతుంది. ఆ మాట అన్నకు ఎవరూ చెప్పలేదు. కానీ ఒకరోజు తెల్లారి నేను ముగ్గు వేస్తుంటే, ఆయన చెరువుకు తీసుకెళ్లిన గేదెను కడిగినట్టు జీపును రుద్ది రుద్ది కడుగుతున్నాడు. తన నీళ్ల డబ్బా, తువ్వాలు, అద్దం దగ్గర పెట్టుకున్న రాములవారి పటం ఒక సంచిలో సర్ది గోడ మేకుకు తగిలించాడు.

“ఏందన్నా, సంచి సర్దినవ్?” అన్నాను.

“ఏం లేదు చెల్లెమ్మా. దుమ్ము పడుతదని.”

పాతికేళ్లుగా పడని దుమ్మా, అనుకున్నాను గానీ అడగలేకపోయాను. ఈ వయసులో ఆయనకు ఇంకో బండి ఎవరిస్తారు?

బీడీలకు తునికాకు కోసే ఎండల్లో ఒకరోజు షోరూంవాళ్లు నడిపి చూసుకొమ్మని కారు పంపారు. దాన్ని నడిపే మనిషి కూడా వాళ్లవాడే. తెల్లటి కారు, మా వాకిలి సగం ఆక్రమించింది. భద్రాచలం వెళ్లి దర్శనం చేసుకుని వద్దామన్నారు మా ఆయన. అన్న పీట వేసి పట్టుకోకపోతే ఎక్కనని అత్తయ్య పట్టుబట్టడంతో ఆయన్నూ చివరి వరస సీట్లో ఎక్కించుకున్నాం.

లోపల ఇంట్లో వేసినట్టు మెత్తటి తివాచీ. చల్లటి గాలి, ఏదో సువాసన. ఒక్క కుదుపు లేదు. మా ఆయన ముందు సీట్లోంచి వెనక్కి తిరిగి, “ఎట్లుందన్నా?” అని అడిగారు.

“మంచిగుంది సారూ. గని సప్పుడే లేదు. సప్పుడు లేకుంటే బండికి ఏడ నొస్తుందో మనకెట్ల ఎరుకైతది?”

కారు నడుపుతున్న మనిషి నవ్వి, “అది స్క్రీన్ మీద వస్తుంది పెద్దాయనా,” అన్నాడు.

“గట్లనా. అయితే మంచిదే.”

అడవి దారిలో పడ్డాక అత్తయ్య కిటికీ అద్దానికి మొహం ఆనించి కూర్చున్నారు. తునికాకు కట్టలు నెత్తిన పెట్టుకుని ఇద్దరు ఆడవాళ్లు ఎదురొచ్చారు. కారును చూసి గబగబా రోడ్డు దిగి, తుప్పల్లోకి జరిగి, తల వంచుకుని నిలబడ్డారు. కొంచెం ముందుకు పోయాక ఒక ముసలాయన కూడా అలాగే జరిగాడు. ఇంకో మలుపులో కడుపుతో ఉన్న పిల్ల, పక్కన వాళ్లమ్మ. దూరం నుంచి బండి వస్తోందని చూసి వాళ్లమ్మ చెయ్యి సగం పైకెత్తింది. దగ్గరకొచ్చింది ఏమిటో కనిపించగానే ఆ చెయ్యి దించేసుకుంది. కారు దాటిపోయింది.

“ఆపు నాయనా, ఆపు,” అన్నారు అత్తయ్య. డ్రైవరుకు వినబడి, అర్థమై, ఆపేసరికి మేం చాలా దూరం వచ్చేశాం. అన్న దిగి వెనక్కి పరుగెత్తాడు. ఆ పిల్ల మొదట రానందట. కారు పాడవుతుందని భయపడిందట. ఎలాగో ఒప్పించి తీసుకొచ్చాడు. తల్లీకూతుళ్లు సీటు అంచున ఒక్క బెత్తెడు మీద కూర్చుని, పాల్వంచలో దిగేదాకా వీపు ఆనించలేదు.

వాళ్లు దిగాక అత్తయ్య అన్నారు. “ఒరేయ్, ఆ తునికాకు వాళ్లిద్దరూ మన మిరప కోతకు వచ్చేవాళ్లే. నేను చూశాను. లోపలున్నది మనమని వాళ్లకు తెలియలేదురా.”



గోదావరి వంతెన దాటి గుడి దగ్గర దిగబోతే అసలు తమాషా బయటపడింది. అత్తయ్య కాళ్లకు చెప్పులు లేవు. నా కాళ్లకూ లేవు. వెనక్కి తిరిగి చూస్తే అన్నకూ లేవు. ముగ్గురం పొద్దున ఆ తివాచీ చూసి, ఎవరికి వారం, ఎవరూ చెప్పకుండానే, గడప దగ్గర విప్పినట్టు మా వాకిట్లో విప్పేసి కారెక్కాం!

“ఎవరైనా చెప్పులు ఇంట్లో వదిలేసి అరవై కిలోమీటర్లు వస్తారా?” అన్నారు మా ఆయన. ఆయన ఒక్కరికే బూట్లున్నాయి.

“సారూ, నేను మీ అమ్మను చూసి ఇడిసిన,” అన్నాడు అన్న.

“నేను నా కోడల్ని చూసి విప్పాను,” అన్నారు అత్తయ్య.

నేను ఎవరినీ చూడలేదు. అయినా అత్తయ్యను చూసే విప్పానని చెప్పాను. నేల కాలిపోతోంది. ముగ్గురం నీడ నుంచి నీడకు గంతులేస్తుంటే అత్తయ్య నవ్వు ఆపుకోలేక నా భుజం పట్టుకున్నారు. మా ఆయన వెళ్లి ఒక కొట్లో దొరికిన మూడు జతల నీలం రబ్బరు చెప్పులు తెచ్చారు. “ఇంత కారులో వచ్చి ఇవి తొడుక్కున్నామా!” అని అత్తయ్య మళ్లీ నవ్వారు. దర్శనంలో నేను ఏమీ కోరుకోలేదు. ఆవిడ అంతలా నవ్వడం చూసి చాలా కాలమైంది, అదే చాలనిపించింది.

తిరుగు ప్రయాణంలో అత్తయ్య నిద్రపోయారు. నిజంగా నిద్ర. నోరు కొంచెం తెరుచుకుని, చేతులు ఒళ్లో వదిలేసి. నేను ఆ ఇంటికి వచ్చాక ప్రయాణంలో ఆవిడకు కునుకు పట్టడం అదే మొదటిసారి. దారి పొడవునా ఆ మొహాన్నే చూస్తూ కూర్చున్నాను. వారం రోజులుగా నేను చేసిన వాదన అంతా అక్కడే కరిగిపోయింది. ఒక ముసలి ఒంటికి నొప్పి లేకుండా చేసేదాన్ని ఆడంబరం అనడానికి నేనెవరిని? ఇంటికి చేరేసరికి, కొనమని నేనే చెబుదామని నిశ్చయించుకున్నాను.

సాయంత్రం మా ఆయన పాత బండి ఇచ్చే కాగితం తెచ్చి అత్తయ్య ముందు పెట్టారు. బండి ఆవిడ పేరున ఉంది కాబట్టి సంతకం ఆవిడదే కావాలి. అన్న గుమ్మం అవతల నిలబడి ఉన్నాడు. కలం చేతికిస్తే అత్తయ్య దాన్ని పక్కన పెట్టేశారు.

“కారు కొనుక్కోరా. బాగుంది. నా వెన్ను నీకు దండం పెడుతోంది. కానీ జీపు ఇవ్వను.”

“అమ్మా, రెండు బండ్లు ఏం చేసుకుంటాం?”

“మనకు రెండెందుకు? అది వాడిది. వాడి పేరు మీద రాయించు. ఈ దారిలో చెయ్యెత్తడానికి జనానికి ఒక్క బండైనా ఉండాలి కదా. నీ కారుకు ఎత్తరురా. నువ్వు ఆపుతానన్నా ఎత్తరు. ఇవాళ చూశావుగా.”

“పాతది ఇవ్వకపోతే వాళ్లు తగ్గించరు. ఆకాశం కనిపించే అద్దం ఉన్న రకం రాదు మనకు.”

“ఆకాశం చూడాలంటే దిగితే సరిపోదూ?”

మా ఆయనకు నవ్వొచ్చింది. నవ్వు వచ్చాక ఆయన ఇంక వాదించలేరు, అది నాకు తెలుసు. గుమ్మం అవతలికి చూస్తే అన్న అక్కడ లేడు. గోడ మేకు మీది సంచి కూడా లేదు. జీపు దగ్గరికి వెళ్లి రాములవారి పటం మళ్లీ అద్దం దగ్గర పెట్టుకుంటున్నాడు.

జీపు అన్న పేరు మీదికి మారింది, ఆకాశం కనిపించే అద్దం లేని రకం కారు ఇప్పుడు మా వాకిట్లో ఉంది. అత్తయ్య ఖమ్మం వెళ్లొచ్చిన రాత్రి హాయిగా పడుకుంటున్నారు. ఫంక్షన్ హాళ్ల దగ్గర మా ఆయనకూ డోరు తీస్తున్నారు. మొదట్లో మురిసిపోయేవారు, ఇప్పుడు తనే తీసుకుని దిగిపోతున్నారు. అంత ధర పెట్టొచ్చా అని మా బంధువులు అడిగితే నేను ఒక్కోసారి ఔనంటాను, ఒక్కోసారి కాదంటాను. అత్తయ్య నిద్ర గుర్తొస్తే ఒక మాట. మలుపులో సగం ఎత్తి దించేసుకున్న ఆ చెయ్యి గుర్తొస్తే ఇంకో మాట. రెండూ నిజమే కాబట్టి ఏదో ఒకటి పట్టుకుని తేల్చడం నాకు చేతకావడం లేదు.

కానీ జీపు ఇప్పుడు నెల నుంచి కదలడం లేదు. అన్న రెండు కళ్లకూ శుక్లాలు ముదిరాయి. ఎదురుగా వచ్చేది మనిషో చెట్టో తెలియని కళ్లతో బండి నడపనని తనే తాళం తెచ్చి అత్తయ్య చేతిలో పెట్టాడు. చూపు వస్తే తాళం మళ్లీ ఆయనకే. రాకపోతే లోపలి ఊళ్లకు ఆగే బండి లేదు. వచ్చే గురువారం ఖమ్మంలో ఆపరేషన్. మా కారులోనే తీసుకెళ్తున్నాం. “ఈసారి చెప్పులు తొడుక్కునే ఎక్కాలన్నా,” అంటే, “సూద్దాం చెల్లెమ్మా,” అన్నాడు.

ఇది చదివిన మీరు గురువారం దీపం పెడితే, లేదా మీకు అలవాటైన ఏ పద్ధతిలో దేవుణ్ని తలుచుకున్నా, పేరు తెలియకపోయినా ఫరవాలేదు, చెయ్యెత్తిన ప్రతివాళ్ల కోసం పాతికేళ్లు బండి ఆపిన మా అన్నను ఒక్కసారి గుర్తు చేసుకోండి.