తారు అంచున నాటిన రాయి

మా వీధి మేస్త్రి పోయాడు. పోయిన మంగళవారం బంగారుపాళ్యం నుంచి సైకిలు మీద వస్తూ మా ఊరి మలుపులో పడ్డాడు. కబురు తెచ్చినవాళ్ళు "ఆయువు తీరింది, ఏం చేస్తాం" అన్నారు. ఆ మాటకు నాకు ఒళ్ళు మండింది. ఇప్పటికీ మండుతూనే ఉంది.

ముప్పై ఏళ్ళు రోడ్డు గ్యాంగులో పనిచేసిన మనిషి. మనమంతా తారు ఎంత నున్నగా ఉందో చూస్తే, ఆయన అంచు చూసేవాడు. జేబులోంచి అగ్గిపెట్టె తీసి తారు పక్కన నిలబెట్టేవాడు. పెట్టె కంటే తారు ఎత్తుగా ఉంటే అక్కడ మన్ను పోయాల్సిందే. మాది ఒక్క బండి పట్టే రోడ్డు. ఎదురుగా లారీ వస్తే సైకిలువాడే కిందికి దిగాలి. ఎవరో పెద్దమనిషి అంబాసిడర్ కారులో వస్తున్నాడని తారు మీద తారు పోశారు గానీ, పక్కన తట్టెడు మన్ను పోసిన పాపాన పోలేదు. దిగినవాడు పడక ఏమవుతాడు?

"మనిషన్నాక పడతాడు అయివారూ. పడినోడు లేసేటట్టు ఉండల్ల రోడ్డు" అనేవాడు. బడి పంతులును కాబట్టి ఆయన అర్జీలు నేనే రాసేవాణ్ణి. ఒక్కదానికీ జవాబు రాలేదు. రిటైరయ్యాక పారా తట్టా తీసుకుని తనే అంచు పూడ్చడం మొదలుపెట్టాడు. నేను రోజూ క్షేమంగా బడికి పోయి వస్తున్నానంటే సగం దారి ఆయన పోసిన మన్ను పుణ్యమే. ఒకసారి ఆ పూడ్చిన చోటే పాలాయన పడ్డాడు. మోకాలు గీసుకుంది, క్యాను దొర్లింది, అంతే. మేస్త్రి ఆయన్ను లేపి, "పాలే కదప్పా పొయ్యింది, రేపు మల్లా పిండుకో" అని నవ్వాడు.

మలుపు దాకా ఆ మన్ను చేరలేదు. అక్కడ ఒక రాయి ఉంది. నాలుగేళ్ళ కిందట ఆ చోట ఇద్దరు చనిపోతే, అమ్మవారు కాపాడుతుందని ఊరివాళ్ళమే నాటాం, తారుకు మూరెడు దూరంలో. కదిలే బస్సులోంచి చిల్లర విసరడానికి అందుబాటులో ఉండాలి కదా! కొత్త సైకిలు కొన్నప్పుడు నేనూ అక్కడ టెంకాయ కొట్టాను.

మేస్త్రి ఒక్కడే అడ్డం తిరిగాడు. టీ అంగడి ముందు నిలబడి, "అమ్మోరిని పదడుగులు ఎనక్కి జరపండప్పా. పడినోని తల దానికే తగుల్తాది. పసుపు పూసేదానికి ఊరంతా వస్తారు, తట్ట మన్ను ఎత్తేదానికి ఒక్కడు రాడు" అని అరిచాడు.

"అమ్మోరినే కదిలిస్తావా? నీ ఇంటికే అరిష్టం" అన్నారు పెద్దలు.

ఆయన నా వైపు చూశాడు, చదువుకున్నవాణ్ణి, ఒక్క మాటైనా సాయం చేస్తానని. నేను సైకిలెక్కి బడికి పోయాను. ఊరితో మంచిగా ఉండడమే ఆ రోజు నాకు ముఖ్యమైంది. నా మీద నాకున్న కోపం ముందు ఊరి మీది కోపం ఏపాటిది?

మంగళవారం మామిడికాయల లారీ ఎదురొచ్చింది. ఆయన దిగాడు, చక్రం జారింది. లారీ ఆయన్ను తాకనైనా లేదు. ఆ డ్రైవరే ఏడుస్తూ చిత్తూరు ఆసుపత్రికి ఎత్తుకుపోయాడు, దారిలోనే ప్రాణం పోయింది. ఒంటి మీద ఇంకెక్కడా దెబ్బ లేదు. తల ఒక్కటే, ఆ రాయికి కొట్టుకుంది.

నిన్న పెద్దలు మా ఇంటికి వచ్చారు. మేస్త్రి పేరున మలుపులో ఇంకో రాయి నాటుతారట. దాని మీద చెక్కడానికి నాలుగు మంచి మాటలు కావాలట.

"ఒక్క అక్షరం కూడా ఇవ్వను. ముందు మన్ను పోయండి, ఉన్న రాయిని వెనక్కి జరపండి" అని ఈసారి అరిచాను.

"ఎనక్కి నాటితే ఎవురికి కనపడతాది అయివారూ?" అన్నాడు ఒక పెద్దాయన, నిజంగానే అర్థం కాక.

ఈ పొద్దు బడికి పోతూ చూశాను. అక్షరం లేకుండానే నాటేశారు. కొత్త రాయి, దాని మీద తడి పసుపు, మూరెడు దూరంలో తారు అంచు. ఎదురుగా బస్సు వస్తోంది. వెనక భార్యను కూర్చోబెట్టుకున్న ఒకాయన, సైకిలు కిందికి దించడానికి బ్రేకు పట్టుకుంటున్నాడు.