గంధం బొట్టు పెట్టిన ల్యాప్‌టాప్

2025. ఆయుధ పూజ మరునాడు. హోసూరులో నా ల్యాప్‌టాప్ రిపేరు షాపు తెరిచి, ముందు రోజు గుమ్మడికాయ పగలగొట్టిన చోట ఇంకా నీళ్లు చల్లుతూనే ఉన్నాను. అప్పుడే మత్తిగిరి నుంచి నారాయణప్ప వచ్చారు. ఫ్యాక్టరీలో లేతు మిషన్ మీద పనిచేసి రిటైరైన పెద్దమనిషి. ఒక చేతిలో పూజ ప్రసాదం బొరుగుల పొట్లం, ఇంకో చేతిలో పాత ల్యాప్‌టాప్. దాని మూత మీద గంధం, కుంకుమ, ఒక వాడిన చామంతి రేకు. పండగ మరునాడు నా బల్ల మీదికి వచ్చే మిషన్లన్నిటికీ నాకంటే పెద్ద బొట్లే ఉంటాయి, అందులో వింతేమీ లేదు.

"ఆన్ చేస్తే నల్లగా అయిపోతా ఉండాదప్పా. ఏమేమో ఇంగ్లీషులో వస్తా ఉండాది. దీంట్లో ఏమీ లేదు. అంతా తుడిచేసి కొత్తగా ఎక్కించు. మా ఇంటామె సాయంత్రం రాయకోట నుంచి వస్తాది, ఆలోపల ఇచ్చేయి."

ఆ తొందర చూసి నాకు అనుమానం వచ్చింది. కూర్చోబెట్టి అడిగితే సంగతి బయటపడింది. కంప్యూటర్‌ను నడిపించే మూల ప్రోగ్రామును ఆపరేటింగ్ సిస్టమ్ అంటాం. పాతది తీసి కొత్తది ఎక్కించడమే అప్‌గ్రేడ్. పండగ పొద్దున భార్య మునిరత్నమ్మ అప్‌గ్రేడ్ నొక్కి, అది అయ్యేదాకా ఎంతసేపు కూర్చుంటానని, రాయకోటలో చెల్లెలింటికి బస్సెక్కింది.

"పూజ పొద్దు మిషన్ తిరగగూడదు కదప్పా? ఫ్యాక్టరీలో మెయిన్ స్విచ్చి ఆపేది నేనే, బొట్టు పెట్టేది నేనే. దీని తెర మీద చక్రం తిరగతానే ఉండె. ప్లగ్గు పీకి బొట్టు పెట్టినాను."

దాని బ్యాటరీ ఏనాడో చచ్చింది. ప్లగ్గే ప్రాణం. పాత ఇల్లు సగం కూల్చి, కొత్త గోడ సగం లేపి మేస్త్రీ పారిపోయినట్టయింది పరిస్థితి. పాత సిస్టమూ లేదు, కొత్తదీ లేదు, రెంటికీ చెడ్డ రేవడి. నాకు నవ్వూ వచ్చింది, చిరాకూ వచ్చింది.

ఇలాంటప్పుడు తేలిక మార్గం ఫార్మాట్. అంటే డిస్కు మొత్తం తుడిచి మొదటి నుంచి ఎక్కించడం. ఆయన ఏమీ లేదంటున్నారు కదా అని పెన్ డ్రైవ్ కూడా బయటికి తీశాను. పని మధ్యలో వేడెక్కకుండా ముందు ఫ్యాన్ శుభ్రం చేద్దామని కింది మూత విప్పాను. మామూలుగా లోపల దుమ్ము, వెంట్రుకలు, అదృష్టం బాగాలేకపోతే బొద్దింక ఉంటాయి. ఇందులో ఎర్ర, పచ్చ, బంగారు రంగుల దారం పీచు ముద్దగా చుట్టుకుని ఉంది.

"అన్నా, దీని మీద పని చేసేది ఎవురు?"

"మా ఇంటామె. రవికలకు ఎంబ్రాయిడరీ కుడతాది. డిజైన్లన్నీ కుట్టే మిషన్‌లో ఉంటాయి కదప్పా, ఈ డబ్బాలో ఏముంటాది?"

"ఆమెకు ఫోన్ చేయన్నా."

"వద్దప్పా, తిడతాది."

"ఇప్పుడైతే తిట్టి ఊరుకుంటాది. తుడిచినాకైతే ఇంట్లోకే రానీదు."

ఫోన్ కలిపి నాకే ఇచ్చేశారు. విషయం చెప్పాను.

"ఏమి, పీకినాడా? బొట్టు పెట్టేకి పీకినాడా?" అని అరిచిన మనిషి ఒక్కసారిగా గొంతు తగ్గించింది. "నా డిజైన్లన్నీ దాంట్లోనే ఉండాయప్పా. దాన్నుంచి కేబుల్‌లో పోతేనే మిషన్ కుడతాది. ఒక్కొక్క పువ్వూ నేనే గీసుకున్నాను. ఉద్దనపల్లి పెండ్లికూతురి రవిక ఒక చెయ్యి అయింది, ఇంకో చెయ్యి కుట్టల్ల. తుడిచేసినావా?"

"లేదక్కా. ఇంకా ముట్టలేదు."

"నీకు పుణ్యముంటాది నాయనా, ముట్టొద్దు."

డిస్కును బయటికి తీసి, కేబుల్‌తో నా కంప్యూటర్‌కు తగిలించాను. మొదట కనబడలేదు. నారాయణప్ప పొట్లం విప్పకుండా గట్టిగా పట్టుకుని నిలబడ్డారు. కేబుల్ మార్చి చూస్తే ఫోల్డర్లు ఒక్కొక్కటే పైకి వచ్చాయి. డిజైన్లన్నీ వేరే డిస్కులోకి ఎక్కించుకుని, ఒకటి తెరిచాను. మామిడి పిందెల మధ్య చిలుక.

"ఇదే! రవిక చెయ్యి మీద ఉండేది ఇదే!" అన్నారాయన. అమ్మయ్య అని ఇద్దరం ఒకేసారి కూర్చున్నాం.

ఆ తర్వాతే డిస్కును తిరిగి బిగించి ఫార్మాట్ చేశాను. కొత్త సిస్టమ్ ఎక్కుతున్నంత సేపూ ప్లగ్గు దగ్గర నారాయణప్పనే కాపలా పెట్టాను. పీకిన చెయ్యే కాపాడాలి మరి. అది అయ్యాక డిజైన్లన్నీ మళ్లీ దాంట్లోకి ఎక్కించాను.

సాయంత్రం మునిరత్నమ్మ బస్సు దిగి నేరుగా షాపుకే వచ్చింది. మొగుడి వైపు చూడనైనా చూడకుండా డిజైన్లన్నీ తెరిచి చూసుకుంది. అన్నీ ఉన్నాయని తేలాక కొంగుతో కళ్లు తుడుచుకుని, ఆయన చేతిలోని బొరుగులు గుప్పెడు తీసుకుని నోట్లో వేసుకుంది.

"వచ్చే పండక్కి బొట్టు నువ్వే పెట్టు. ఆపేది మాత్రం నేను" అంది. ఆయన బుద్ధిగా తల ఊపారు.

ఇప్పుడు ఎవరు ఏ ల్యాప్‌టాప్ తెచ్చినా, స్క్రూ విప్పకముందే దాని మీద పని చేసేది ఎవరని అడుగుతాను. మోసుకొచ్చిన మనిషి "దీంట్లో ఏమీ లేదు" అంటే, తనది ఏమీ లేదని మాత్రమే అర్థం.