సోడాకొట్టు ప్రొప్రైటరు

మొన్న విజయనగరంలో కొత్తగా తెరిచిన జిరాక్సు షాపు బోర్డు మీద ‘ప్రొ:’ అని చూసి నడిరోడ్డు మీదే నవ్వేశాను. పక్కన ఆగిన ఆటో అతను నన్ను అనుమానంగా చూశాడు. మా బావ సంగతి అతనికేం తెలుసు!

అరవైల చివర నేను బి.ఎ. చదువుతూ సెలవులకి గజపతినగరంలో అక్కావాళ్లింటికి వెళ్లేవాణ్ణి. వాళ్లది గోళీసోడా కొట్టు. అక్క సీసాలు మిషన్లో బిగించి చక్రం తిప్పుతుంటే, బావ బల్ల మీద కూర్చుని వచ్చినవాళ్లతో లోకాభిరామాయణం సాగించేవాడు. ఒకసారి కొట్టుకి బోర్డు రాయించాలనుకుని ‘ప్రొప్రైటరు’ అంటే ఏమిటని నన్నడిగాడు. నాకు చదువు కొత్తగా తలకెక్కిన రోజులు. లాటిన్‌లో ‘తన సొంతం’ అనే మాట నుంచి పుట్టిందనీ, ఒకప్పుడు ఇంగ్లండు రాజు దగ్గర సముద్రాల అవతలి నేలకి పట్టా పుచ్చుకున్న దొరల్ని అలా అనేవారనీ, కుంపిణీ కాగితాల్లో మన జమీందార్లకీ అదే మాట రాశారనీ, అలా దిగి దిగి కొట్లవాళ్ల దాకా వచ్చిందనీ దంచేశాను. బావ జమీందార్ల దగ్గరే ఆగిపోయాడు. ఆ వారమంతా మీసం దువ్వుతూనే ఉన్నాడు. తన పేరు ముందు ఆ మాట పడితే జన్మ ధన్యమన్నాడు.

పెయింటరు వచ్చిన రోజు బావా నేనూ సోడాలోకి గ్యాసు సిలిండరు కోసం విజయనగరం వెళ్లాం. సాయంత్రం తిరిగొచ్చేసరికి బోర్డు మీద ఎర్రక్షరాలు ఇంకా తడిగా ఉన్నాయి. ప్రొప్రైటరు అన్న మాట పక్కన మా అక్క పేరుంది. నాకు బావ మొహం చూడ్డానికి ధైర్యం చాలలేదు. పెయింటరు ఒరిస్సా వైపు మనిషట, బస్సు తొందరలో ఉండి ప్రొప్రైటరు పేరు చెప్పమన్నాడట.

“పెనిమిటి పేరు నోటితో ఎలాగ సెప్తాను? నా పేరు సెప్పీసినాను,” అంది అక్క.

మా వైపు ఆడవాళ్లు ప్రాణం పోయినా మొగుడి పేరు పలకరు, నిజమే. కానీ పక్క కొట్లో ఎవర్నడిగినా చెప్పేవారు కదా అన్నాను. ఆ ఆలోచనే రాలేదంటూ, నవ్వు దాచుకోడానికి సీసాల తొట్టి మీదికి వంగింది.

తడారకముందే తుడిచెయ్యొచ్చని పక్క కొట్టాయన కిరసనాయిల్లో ముంచిన గుడ్డ తెచ్చిచ్చాడు. బావ గుడ్డ పట్టుకుని నిలబడ్డాడు. బోర్డు కేసి చూశాడు, కాయలు కాసిన అక్క చేతుల కేసి చూశాడు. తర్వాత ఆవిడ పేరు కింద కారిన రంగు చారని మాత్రం జాగ్రత్తగా తుడిచాడు.

“మిసను తిప్పతన్నది ఇదే గదేటి. ఆడు నిజమే రాసినాడు.”

అని, అక్కడున్నవాళ్లందరికీ తలో సోడా కొట్టి ఇచ్చాడు. నా సంతోషం ఇంతా అంతా కాదు.

ఆ గుడ్డ పుచ్చుకున్నాక ఆ మాట అనడానికి బావకి రెండు నిమిషాలు పట్టి ఉంటుంది. అంత చదివిన నాకు, మా ఇంట్లో మా ఆవిడ గురించి అలాంటి మాట ఒకటి అనడానికి నలభయ్యేళ్లు పట్టింది.