ఈశాన్యంలో అరుగు

నాగేంద్రను చూసి జాలిపడాలో, నాలుగు తిట్టాలో ఆ అపార్ట్‌మెంట్ వాళ్లకు ఇప్పటికీ తెలీదు. యూనివర్సిటీ బిల్డింగుల ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్. సర్వీసంతా ఆయన గీసిందేమిటయ్యా అంటే గోడలు! హాస్టల్ చుట్టూ గోడ, మైదానం అడ్డంగా గోడ, ఉన్న గోడ మీద ఇంకో రెండు వరసల గోడ. ఇంజినీరు చెప్తాడు, ఈయన గీస్తాడు. ఇదివరకు పెన్సిల్‌తో గీసేవాడు, ఇప్పుడు కంప్యూటర్లో గీస్తున్నాడు, అంతే తేడా.

"ఏమప్పా, మనకు మనుషులంటే ఇంత భయమా?" అని పక్క సీటాయన్ను అడుగుతుంటాడు. ఆయన "టీకి పోదామా" అంటాడు.

టీ తాగి వచ్చేటప్పుడు నాగేంద్ర కావాలనే ఆర్ట్స్ కాలేజీ ముందు నుంచి వస్తాడు. ఆ మెట్ల మీద పిల్లలు గ్రూప్స్‌కు చదువుకుంటుంటారు. ఊరి నుంచి కొడుకును చూడ్డానికొచ్చిన పెద్దాయన సంచి తలకింద పెట్టుకుని ఓ కునుకు తీస్తాడు. లెమ్మనేవాడు లేడు. ఈ మెట్లు గీసినవాడెవడో గానీ, మనుషులకు కాళ్లు నొస్తాయని ఎరిగినవాడు అనుకుంటాడు నాగేంద్ర. రిటైరయ్యేలోగా తాను అలాంటిదొకటి గీస్తాడా అని లోపల ఒకటే తహతహ.

ఆ రోజూ వచ్చింది. తార్నాకలో వాళ్లుండే పాత అపార్ట్‌మెంట్ ముందుగోడ వానలకు కూలింది. "మన బిల్డింగుల్నే డ్రాఫ్ట్స్‌మన్ ఉండంగ బయటోనికి ఎందుకియ్యాలె నాగేంద్ర సాబ్? నువ్వే గియ్యి" అన్నాడు అసోసియేషన్ ప్రెసిడెంట్ పరశురాం.

నాగేంద్ర గోడ ఎత్తు సగానికి దించాడు. గేటు పక్కన, వీధి వైపు తిరిగి, ఒక అరుగు గీశాడు. బేతంచెర్ల నాపరాళ్లు తెప్పించి దగ్గరుండి పరిపించాడు. కర్నూలు వైపు వాళ్ల ఊళ్లో ప్రతి ఇంటికీ అరుగే. దారినపోయేవాడు కూర్చుంటాడు, చెంబెడు నీళ్లు తాగుతాడు, పోతాడు. అయితే ఆ అరుగుల దగ్గర కూడా కొందరు కిందనే నిలబడేవాళ్లు. అదీ నాగేంద్ర మరిచిపోలేదు. అందుకే, ఇది ఇంటివాళ్ల అరుగు కాదు, వీధివాళ్ల అరుగు అని పంతంగా గోడకు బయట కట్టించాడు.

భారతమ్మ వారాసిగూడ నుంచి వచ్చి ఆ అపార్ట్‌మెంట్‌లో ఇళ్లపని చేస్తుంది. అంతకుముందు మెట్ల మలుపులో నిలబడి అన్నం డబ్బా ఖాళీ చేసేది. ఎవరైనా దిగుతుంటే గోడకు అతుక్కుపోయేది. ఇప్పుడు అరుగు మీద బాసింపట్టు వేసుకుని తింటోంది. కొరియరాయన కూర్చుంటాడు, బస్సు తప్పినవాళ్లు కూర్చుంటారు. బాల్కనీలోంచి చూస్తూ నాగేంద్ర మీసాల్లో నవ్వుకునేవాడు. మూడో అంతస్తు కాత్యాయని మేడమైతే, నగరాల ప్లానింగ్ గురించి జీవితమంతా పాఠాలు చెప్పి రిటైరైన ప్రొఫెసర్, అరుగుకు ఫొటో తీసుకుంది. "ఒక సమాజం ఎలాంటిదో దాని గుమ్మాలే చెప్తాయి నాగేంద్రా!" అంది. క్యాంపస్‌లో ఆవిడ ఉపన్యాసానికి నాగేంద్ర సెలవు పెట్టి మరీ వెళ్లాడు. ఆదర్శ నగరం అనే మాట కింద, తెర మీద, తన అరుగు! ఆ రాత్రి అన్నం కూడా సరిగా సహించలేదు ఆ సంబరంలో.

ఎంతకాలమూ? రెండో అంతస్తులో గృహప్రవేశానికి వచ్చిన సిద్ధాంతిగారు గేటు దగ్గరే కొయ్యబారిపోయాడు. "ఈశాన్యంలో ఇంత బరువా! ఎవరండీ మీకు ప్లానిచ్చింది?"

ఈశాన్యం పల్లంగా, తేలిగ్గా ఉండాలని పాలు తాగే పిల్లకు కూడా తెలుసు. గోడలు గీసీ గీసీ అరిగిపోయిన తెలుగువాడు, తన మొదటి అరుగు సంబరంలో ఈశాన్యం మూలనే మరిచిపోయాడు! ఎవరితో చెప్పుకోవాలి?

ఇక చూడండి. లిఫ్ట్ ఆగితే అరుగు. బోరు ఎండితే అరుగు. ఎవరికో షుగర్ పెరిగితే అరుగు. పొద్దున లేచి జిలేబీలు తినేది వాళ్లు, నింద అరుగుకు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు! నాగేంద్ర మెట్లు దిగుతుంటే తలుపుల్లోంచి చూపులే చూపులు.

ఆదివారం పార్కింగ్‌లో మీటింగ్ పెట్టారు.

"తీసేద్దామంటలేను సాబ్. నైరుతికి మారుద్దాం. గాడ బరువుంటె మంచిదే గదా" అన్నాడు పరశురాం.

"నైరుతి అంటే జనరేటర్ వెనకాల! ఆడ ఎవడు కూర్చుంటాడప్పా? కూర్చుని ఎవరితో మాట్లాడతాడు, గోడతోనా?"

నాగేంద్ర ఆశగా కాత్యాయని మేడమ్ వైపు తిరిగాడు. ఆవిడ కళ్లజోడు తుడుచుకుంది. "భావనగా అరుగు చాలా గొప్పది నాగేంద్రా. కానీ మా ఫ్లాట్ అమ్మకానికి పెట్టాం. వచ్చినవాళ్లు గేటు చూసి అట్నుంచటే పోతున్నారు."

మార్చాలన్నవాళ్లు చేతులెత్తమన్నారు. ఎత్తారు. పోనీలే, లోకం ఇంతే అనుకుని నాగేంద్ర పక్కకు చూశాడు కదా, భార్య అన్నపూర్ణ చెయ్యి కూడా పైకే ఉంది.

ఇంట్లోకి వచ్చాక విరుచుకుపడ్డాడు. "నువ్వు కూడానా? నలుగుర్లో నా తల తీసేస్తివే!"

"మన పూజ గ్రూప్స్ రెండుసార్లు తప్పింది. అదీ అంచు దాకా వచ్చి."

"చదివే పిల్లకు అరుగేం అడ్డమొచ్చిందే?"

"అడ్డం రాలేదని మీరు రాసిస్తారా?" అంది అన్నపూర్ణ. కూతురి మీద బెంగతో ఉన్న మనిషితో ఏం వాదిస్తాడు?

ఇంతకీ ఆ నైరుతి అరుగుకు ప్లాను గీసిందెవరనుకున్నారు? ఈయనే! బయటివాడికిస్తే అదీ ఎగిరిపోతుందని భయం. గీస్తున్నంతసేపూ తనను తానే తిట్టుకున్నాడు.

మరుసటి ఆదివారానికల్లా నాపరాళ్లు జనరేటర్ వెనక్కి చేరాయి. గేటు పక్కన చదునైన మట్టి మిగిలింది. మధ్యాహ్నం భారతమ్మ డబ్బా పట్టుకుని వచ్చి ఆ మట్టి ముందు కాసేపు నిలబడింది. వెనకాల అరుగుందని నాగేంద్ర బాల్కనీలోంచి కేకేసి చెప్పొచ్చు. ఏ మొహం పెట్టుకుని చెప్తాడు? ఆమె రోడ్డు దాటి, మురికికాల్వ మీది బండ దులుపుకుని, దాని మీద కూర్చుని డబ్బా విప్పింది.

అన్నపూర్ణ కూడా చూసింది. చెయ్యెత్తింది కానీ రాతిగుండె మనిషేమీ కాదు. ప్లాస్టిక్ కుర్చీ పట్టుకుని గబగబా దిగింది. వెనకే నాగేంద్ర.

"ఆ కాల్వ మీద ఏంది భారతమ్మా, వాసన! ఇట్లా గేటు దగ్గర కుర్చీలో కూర్చుని తిను."

భారతమ్మ లేవలేదు. "వద్దమ్మా. అరుగంటె ఎవ్వలదీ గాదని కూసున్న. కుర్చీ మీ ఇంటిదాయె. మీ కుర్చీల కూసోని తింటుంటె బాల్కనీలకెళ్లి జూసేటోళ్లు ఊకుంటరా? నాకు నాలుగిండ్ల పని కావాలె."

అన్నపూర్ణ కుర్చీ గేటు పక్కనే వదిలేసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పైకి వెళ్లిపోయింది. నాగేంద్ర పైకి వెళ్లలేదు. నడుచుకుంటూ క్యాంపస్‌కు పోయి, ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద పొద్దువాలేదాకా కూర్చున్నాడు. ఎవరిమీద కోపమో తేలలేదు.

తిరిగి వచ్చేసరికి ఆ కుర్చీలో పరశురాం, కాలు మీద కాలేసుకుని ఫోన్ చూస్తున్నాడు. "మస్తున్నది సాబ్ గీడ! గాలి మంచిగొస్తున్నది. కుర్చీ గిట్లనే ఉండనియ్యి."

నాగేంద్రకు అరికాలి మంట నెత్తికెక్కింది. "లేయండి సార్! ఆ కుర్చీ మాది!"

సాయంత్రం పని ముగించుకున్న భారతమ్మ అప్పుడే గేటు దాటబోతోంది. ఆ అరుపుకు ఆగి, ఒకసారి కుర్చీని, ఒకసారి నాగేంద్రను చూసింది. చెప్పులు సర్దుకుని ఆటో కోసం రోడ్డెక్కింది.

"కుర్చీకి గింత కోపమేంది సాబ్" అంటూ పరశురాం లేచాడు. నాగేంద్ర దాన్ని ఎత్తుకుని, ఎక్కడ పెట్టాలో తెలియక, గేటు మధ్యలో అలాగే నిలబడ్డాడు.