తెల్ల టైల్స్

గాలి మంచిదని పొలాల మధ్య ఇల్లు కట్టుకున్న రిటైర్డ్ మేనేజరుగారు, చేరి నెలైనా ఒక్క కిటికీ తెరవలేదు. పక్క దొడ్లోని గేదెల వాసన ఆయనకు పడదు. ఎవరొచ్చి వెళ్లినా ముక్కుకు తువ్వాలు చుట్టుకుని, వాళ్లు నడిచినంత మేరా ఫినాయిల్‌తో తుడుస్తారు. ఆ తెల్ల టైల్స్ మీద తను మాత్రం వట్టి కాళ్లతో, మురిసిపోతూ తిరుగుతారు. మొన్న వంటింట్లో ఒక టైలు కదులుతోందని, ఇల్లు కట్టిన మేస్త్రీని పిలిపించి, గుమ్మం నుంచి వంటింటి దాకా పాత పేపర్లు పరిచారు.

"వాటి మీదే నడువయ్యా. నీ కాళ్లు చూస్తేనే ఒళ్లు జలదరిస్తోంది."

మేస్త్రీ అలాగే నడిచి, పని ముగించి, గుమ్మంలో ఆగాడు. "ఈ టైల్స్ వేశాక రెండు నెలలు మేమంతా ఇక్కడే తిని పడుకున్నామండీ. వానొస్తే పిల్లలకి ఒంటికీ రెంటికీ మీ పడగ్గదిలోనే."

మర్నాటి నుంచి మేనేజరుగారు ఇంట్లో చెప్పులేసుకుని తిరుగుతున్నారు.