దుబ్బయ్య కడిగిన ఆక్టోపస్ సీసాలు

చిన్నకోడూరు దుబ్బయ్య సముద్రం ఎన్నడూ చూడలేదు. చూసిందల్లా సిద్దిపేటలో మా బడి అలమారాలో, స్పిరిటు సీసాల్లో మునిగి ఉన్న రెండు సముద్రపు ప్రాణులనే. ఒకటి ఆక్టోపస్, రెండోది దాని దాయాది ఎలెడోన్. రెండింటికీ ఎనిమిదేసి కాళ్లు, రెండూ పాలిపోయిన ముద్దలు. బడి చప్రాసి దుబ్బయ్య పదకొండేళ్లుగా రోజూ ఆ సీసాలు తుడిచేవాడు. వాటి పాఠం చెప్పేది మా బాపు, కాశీనాథం సారు.

పందొమ్మిది వందల నలభై మూడు దసరా. ఎవరి పనిముట్లు వాళ్లు కడిగి పూజ చేసుకునే పండుగ కదా! కల్లు గీసేవాడికి కత్తి, రైతుకు నాగలి. దుబ్బయ్యకు బడి గంట, ఈ సీసాలూ. భక్తి ఎక్కువై చింతపండు, బూడిద పెట్టి తోమాడు. సీసాలు తళతళలాడాయి. వాటి మీది ఇంగ్లీషు పేర్ల చీటీలు రెండూ ఊడి చేతిలోకొచ్చాయి. ఏ చీటీ ఏ సీసాదో తెలియకుండా పోయింది, చదువుదామంటే అక్షరం ముక్క రాదు. సెలవులు కాగానే హైదరాబాదు నుంచి పై అధికారి తనిఖీకి వస్తాడు. పేర్లు తారుమారైతే తన నౌకరీ పోతుందని దుబ్బయ్య భయం.

"ఏదో ఒకటి అతికియ్యి. ఎవలు చూడొచ్చిన్రు?" అంది భార్య యాదవ్వ.

సలహా బాగానే ఉంది, మనిషే అలాంటివాడు కాదు. చీటీలు రుమాలులో కట్టుకుని నేరుగా మా ఇంటికొచ్చాడు.

"సారూ, తప్పయింది. నా నౌకరి తియ్యకున్రి."

బాపుకు కోపం ముక్కు మీదే ఉంటుంది. తిట్టుకుంటూనే బడికి నడిచాడు. సీసాల ముందు నిలబడ్డాక మాత్రం ఏది ఏదో తనకూ తెలియలేదు. పాపం, ఇన్నేళ్లూ చీటీ చూసి పాఠం చెప్పాడే తప్ప, ఆ ప్రాణుల్ని ఎన్నడూ సరిగ్గా చూసిందే లేదు! చివరికి పుస్తకం తీసి చదివాడు.

"ఆక్టోపస్ కాళ్లకు పట్టుకునే బుడిపెలు రెండు వరసలుంటయట. ఎలెడోన్‌కు ఒక్కటే వరస."

దుబ్బయ్య ముఖం వెలిగింది. "గంతేనా సారూ? ఒక్క వరసది గీ కిటికీ దిక్కుదే. రోజూ తుడుస్తున్న, నాకెర్క లేదా!"

బాపు వంగి ఒక్కో కాలే చూసుకున్నాడు. నిజమే. ఇద్దరూ కలిసి చీటీలు అతికించారు.

"మరి నా నౌకరి, సారూ?"

"నీ నౌకరికేమైతది? నీ వల్ల నిలవడ్డది నా నౌకరి!" అంటూ బాపు బెంచీ మీద కూలబడి పొట్ట పట్టుకుని నవ్వాడు.

దుబ్బయ్య నవ్వలేదు. గడపలో కూర్చుని హాయిగా ఏడ్చాడు.